‘ఎవరు’ అనవచ్చును, ‘ఎందుకు’ అనరాదు

స్నాతకులారా!

న్యాయశాస్త్రమునందును కంప్యూటరు విద్యయందును పట్టభద్రులై నేడు వెలుపలికి పోవుచున్న మీలో పెక్కుమంది, హైదరాబాదు మొదలగు నగరముల కార్యాలయములలో కూర్చుండి, సముద్రమున కావలి దేశస్థులు వ్రాసిన అర్జీలకు సమాధానములు సిద్ధపఱచు పనిలో కుదురుకొనగలరు. ఆ అర్జీలలో ఒక రకము చూచుటకు మిక్కిలి చిన్నది: నన్ను గూర్చి మీయొద్ద ఏమేమి ఉన్నదో నాకు తెలుపుడు, అని. అది చేతికందిన క్షణమున కార్యాలయమునకు తోచు ప్రశ్నలు రెండు. నీవెవరవు? నీకెందుకు? మొదటిది అడుగక తప్పనిది, రెండవది అడుగరానిది. లోకములో జరుగుచున్నదో, తఱచుగా దీనికి తలక్రిందు.

మన 2005 నాటి సమాచార హక్కు చట్టము, అర్జీదారుడు కారణము చెప్పనక్కఱలేదని స్పష్టముగనే పలికినది. పలికినదన్న మాటయే గాని, మండల కార్యాలయపు బల్లముందు నిలువబడినవారికి “ఇదంతా నీకెందుకయ్యా?” అను పలకరింపు క్రొత్త గాదు. ఐరోపాలోను కార్యాలయ స్వభావము వేఱుగా లేదు. అచ్చట 2018 మే 25 నుండి అమలులోనున్న జి.డి.పి.ఆర్. అను సమాచార పరిరక్షణ శాసనపు 15వ అధికరణము, ఎవరి సమాచారమును వారికి ప్రతితో సహా ఈయవలెననుచున్నది. గడువు సామాన్యముగ ఒక నెల, పని చిక్కైనదైనచో మఱి రెండు నెలలు, కాని ఆ మాట మొదటి నెలలోనే తెలుపవలెను. ఇట్లుండగా జర్మనీలో ఒక రోగి, తనకు జరిగిన దంతచికిత్సలో లోపమున్నదని అనుమానించి, తన వైద్యపత్రముల ప్రతి నిమ్మని కోరగా, ప్రతుల ఖర్చు నీవు పెట్టుకొనినచో ఇచ్చెదనని వైద్యుని వైపునుండి జవాబు వచ్చెను. రోగి కోరుచున్నది దావాకు ఆధారము గదా, సమాచార పరిరక్షణకును దానికిని సంబంధమేమి యను సందేహము మెట్టుమెట్టుగా ఐరోపా న్యాయస్థానము దాక ఎక్కగా, 2023 అక్టోబరు 26న ఆ న్యాయస్థానము, కారణము చెప్పనక్కఱలేదనియు, దావా వేయుటకే యైనను మొదటి ప్రతి ఉచితముగనే ఈయవలెననియు తీర్పు చెప్పెను. తనపై వ్యాజ్యమునకు పనికివచ్చు కాగితమును తానే ప్రతి తీసి, ఖర్చు తానే భరించి అప్పగించుట ఎవరికి రుచించును? రుచింపనిచోటనే గదా చట్టముతో పని.

పరీక్షలు వ్రాసి వ్రాసి అలసియున్న మీకు మఱియొక కథ ఎక్కువ నచ్చవచ్చును. ఐర్లండు దేశమున పీటర్ నోవాక్ అను అకౌంటెన్సీ విద్యార్థి ఒకే పరీక్షలో నాలుగు మాఱులు తప్పి, తన జవాబుపత్రమును చూపుమనగా, అది నీ వ్యక్తిగత సమాచారము కాదని పరీక్షాసంస్థ నిరాకరించెను. 2017 డిసెంబరు 20న ఐరోపా న్యాయస్థానము, అభ్యర్థి వ్రాసిన జవాబులేగాక, అంచున పరీక్షకుడు వ్రాసిన వ్యాఖ్యలును అభ్యర్థి వ్యక్తిగత సమాచారమేయని తేల్చెను. సమాచారమును సవరించుకొను హక్కున్నది గనుక తప్పు జవాబులను ఇప్పుడు దిద్దుకొనెదనన్నచో మాత్రము కుదరదనియు ఆ తీర్పే చెప్పినది. మీలో కొందఱికి ఆశాభంగమైనచో నేనేమి చేయగలను?

ఇక మొదటి ప్రశ్న, నీవెవరవు అనునది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధక విద్యార్థి జేమ్స్ పావర్, తాను వివాహమాడబోవు యువతి అనుమతితో, ఆమె పేరిట నూటయేబది సంస్థలకు ఇట్టి అర్జీలు పంపి చూచెను. ఆమె సమాచారమున్న సంస్థలలో సుమారు నాల్గవ వంతు, వ్రాసినది ఆమెయే యని గట్టిగా విచారింపకయే వివరములు ఒప్పగించినవి. పరుల రహస్యములను కాపాడుటకు పుట్టిన హక్కు ఆ రహస్యములను దోచువాని చేతి తాళపుచెవి కాగలదని దీనివలన తెలిసినది. అట్లని, ఈ-మెయిలు చిరునామా మాత్రమే ఇచ్చి వారపత్రికకు చందా కట్టినవానిని పాస్‌పోర్టు ప్రతి పంపుమనుట వివేకము కాదు. వాని పాస్‌పోర్టు మనయొద్ద అంతకుముందు లేదే, దేనితో పోల్చి చూతుము? ఏ గుర్తుతో మనయొద్ద చేరెనో ఆ గుర్తుతోనే నిరూపించుకొమ్మనుట న్యాయము.

అర్జీదారుడెవరో తేలిన పిమ్మట అసలు చాకిరి మొదలగును. ఒక ఉద్యోగి తనపై జరిగిన విచారణ కాగితములు కోరినాడనుకొనుడు. ఆ కట్టలో అతనిపై ఫిర్యాదు చేసిన సహోద్యోగిని వాఙ్మూలముండును, ఆమె ఫోను నంబరుండును. కట్ట మొత్తము దాచిపెట్టుట సోమరితనము; మొత్తము అప్పగించుట ఆమెకు ద్రోహము. పంక్తి పంక్తి చదివి, ఆమెను పోల్చుకొనుటకు వీలైన వానిని మఱుగుపఱచి, తక్కినది ఈయవలెను. పేరు కొట్టివేసినంతమాత్రమున చాలదు. “మూడవ అంతస్తులో రాత్రి వంతున ఉన్న ఏకైక స్త్రీ” అను మాట మిగిలినచో పేరు మిగిలినట్లే. కంప్యూటరుపై పేరుమీద నల్లని పట్టీ అతికించి పి.డి.ఎఫ్. పంపువారు కలరు, అందుకొన్నవాడు ఆ పట్టీక్రింది అక్షరములను మౌసుతో పట్టి వేఱొకచోట దించుకొన్నచో పేరు ప్రత్యక్షమగును. మఱుగుపఱచిన ప్రతిని పంపుటకు ముందు, దొంగ కన్నుతో ఒక్కమాఱు మీరే తెఱచి చూడుడు.

ఈ హక్కునకు మూలమైన గోప్యత మన దేశమున ఎట్లు నిలిచినదో చెప్పెదను. ఉత్తరప్రదేశమున ఖడక్ సింగ్ అను నతడు దోపిడి కేసులో సాక్ష్యము లేక విడువబడినను, పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెఱచి, రాత్రివేళల ఇంటి తలుపు తట్టుచుండిరి. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి రాకలను కొట్టివేసినను, గోప్యత రాజ్యాంగము హామీయిచ్చిన హక్కు కాదనెను. రాజమహేంద్రవరమున పుట్టిన మన కోకా సుబ్బారావుగారు మాత్రము, జె.సి. షా గారితో కూడి, అది వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమేయని భిన్నముగ తీర్పు వ్రాసిరి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు ఏకగ్రీవముగ ఆ మార్గమునకే వచ్చిరి.

తరువాత వచ్చిన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టపు 11వ సెక్షను ఐరోపా హక్కుకన్న ఇఱుకైనదని నా అభిప్రాయము. అది మన సమ్మతిపై సేకరించిన సమాచారమునకే వర్తించును. ప్రతిని గాక సారాంశమును, ఎవరెవరితో పంచుకొన్నారో వారి వివరములను మాత్రమే ఇప్పించును. ఒకరి పేరిట మఱొకరు నటింపరాదని అర్జీదారునికిని విధి పెట్టినది, అది మంచిదే. 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు ఈ హక్కుల అమలునకు 18 నెలల గడువిచ్చినవి. ఆ గడువు తీఱిన పిమ్మట, సమ్మతి నడిగి మీనుండి ఈ విశ్వవిద్యాలయము తీసికొన్న వివరములను గూర్చి మీలో నెవరైన మొదటి అర్జీ ఇచటికే వ్రాసినచో, రిజిస్ట్రారుగారు గుర్తింపు కార్డు చూపుమనవచ్చును. రెండవ ప్రశ్న వేసిరేని, ఈ సభలో నేను చెప్పినది వారికిని వినబడినదని జ్ఞాపకము చేయుడు.