వంతు అమ్మకపు సరుకు కాదు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున ప్రచారశాఖాధికారి యొకరు చేసిన ప్రసంగపాఠము)



నేడు నేను తమ ముందుంచదలచిన విషయము చూచుటకు చిన్నది. కాని దాని భారము పేదవాని నెత్తిమీదనే పడుచున్నది.

ఊరి మంచినీటి కుళాయివద్ద తెల్లవారుజామున బిందెలు వరుసగా నుండును. ముందుగా బిందె పెట్టినవారికి ముందుగా నీరు. ఒకడు వచ్చి ఇరువది ఖాళీ బిందెలు ముందు వరుసలో నుంచి, "ఈ చోటు కావలెనన్న పది రూపాయలు ఇమ్ము" అనినచో మీరేమందురు? కుళాయి వాడు వేయించినది కాదు. నీరు వాడు తెచ్చినది కాదు. మన వంతునే వాడు మనకు అమ్ముచున్నాడు. నేడు ప్రభుత్వ సేవల అపాయింట్‌మెంట్ల విషయమున జరుగుచున్నది సరిగా ఇదియే.

పూర్వము కార్యాలయముల ముందు జనులు బారులు తీరి నిలుచుండెడివారు. ఇప్పుడు పాస్‌పోర్టు, రైలు రిజర్వేషను వంటి అనేక సేవలకు ఆ బారు కంప్యూటరులోనికి పోయినది. ఏ తేదీన, ఏ గంటకు రావలెనో ముందుగా నిర్ణయించి ఇచ్చుటయే అపాయింట్‌మెంటు. జనులు దీనినే స్లాటు అనుచున్నారు. ఎండలో నిలువవలసిన బాధ తప్పినది, సంతోషమే. అయితే కంటికి కనబడని బారులో ఎవరు నడుమ చొరబడినదియు కంటికి కనబడదు. దళారికి చోటు దొరికినది అక్కడనే.

ఈ వ్యాపారము ముఖ్యముగా మూడు దారులలో సాగుచున్నది. మొదటిది యంత్రవేగము. మనిషి పేరు, చిరునామా నింపులోపల, బాట్లు అనబడు కంప్యూటరు ప్రోగ్రాములు రెప్పపాటులో అనేక స్లాట్లను పట్టివేయును. పైచదువులకై అమెరికా పోవు మన జిల్లాల పిల్లలకు ఈ సంగతి తెలిసినదే. 2025 మార్చిలో భారతదేశములోని అమెరికా రాయబార కార్యాలయము, బాట్ల ద్వారా తీసికొనబడిన సుమారు 2,000 వీసా అపాయింట్‌మెంట్లను రద్దు చేయుచున్నట్లు ప్రకటించినది.

రెండవది మారుపేర్ల దారి. ఒక్కడే అనేక ఖాతాలు తెరచి, తనకు అక్కరలేని టికెట్లు తీసి, అక్కరగలవారికి లాభమునకు అమ్మును. రైల్వే చట్టము, 1989లోని 143వ సెక్షను ప్రకారము అనుమతి లేక ఇట్టి వ్యాపారము చేయువానికి మూడు సంవత్సరముల వరకు జైలు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఆన్‌లైనులో తీసిన టికెట్లకు సైతము ఈ సెక్షను వర్తించునని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తీర్పు చెప్పినది.

మూడవ దారి మన తెలియనితనము. మన గ్రామములకు మిక్కిలి హాని చేయునది ఇదియే. పాస్‌పోర్టు సంగతి తీసికొనుడు. పెద్దలకు 36 పుటల సాధారణ పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. తత్కాల్ పద్ధతిని కోరినచో మరి 2,000 రూపాయలు. అపాయింట్‌మెంటునకు వేరుగా ధర లేదు. అది దరఖాస్తుదారుని పేరుతో ముడిపడి యుండును. మరియొకరికి మార్చుటకు వీలులేదు. నిర్ణయమైన దినమున రాలేకపోయినచో, మొదటి అపాయింట్‌మెంటు తేదీనుండి ఒక సంవత్సరములోపల మూడు పర్యాయములు మార్చుకొనవచ్చును. కేంద్రమునకు దరఖాస్తుదారుడే స్వయముగా పోవలెను. ఫోటో, వ్రేలిముద్రలు అక్కడనే తీసికొందురు. ఇక దళారి చేయునదేమి? "లోపల నాకు మనుష్యులున్నారు" అను మాటను అమ్ముట తప్ప మరేమియు లేదు.

ఒక పాస్‌పోర్టు కేంద్రము వెలుపల నేనొక తల్లిని చూచితిని. ఆమె కుమారునికి గల్ఫుదేశములో పని కుదిరినది. చెవిదిద్దులు కుదువబెట్టి అయిదువేల రూపాయలు దళారికి ఇచ్చినది. వాడు దరఖాస్తులో పుట్టిన తేదీని తప్పుగా నింపినాడు. బడి సర్టిఫికెటులోని తేదీతో అది కలియలేదు. దరఖాస్తు ఆ దినమున ముందుకు సాగలేదు. మరల వచ్చి సరిచేయించుకొనులోపల పిలుపు వచ్చిన పని చేజారిపోయినది. దళారి ఫోను పలుకలేదు. ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "అయ్యా, అసలు ఖర్చెంతో మా ఊళ్ళో ఒక్కరైనా చెప్పలేదేమి?" ఆ ప్రశ్నకు నావద్ద సమాధానము లేకపోయినది. ప్రచారశాఖలో పనిచేయు నాకును, గ్రామమునకు పెద్దలైన మీకును ఆ ప్రశ్న చెందును.

దళారిని తిట్టినంత మాత్రమున దళారితనము పోదు. కొరత యున్నచోటనే వాడు పుట్టును. కావున ప్రభుత్వము చేయవలసినవి రెండు కలవు: కేంద్రములు పెంచుట, వంతును మనిషితో ముడివేయుట. ఒకప్పుడు పాస్‌పోర్టునకై దూరపు నగరములకు పోవలసి యుండెను. 2017 జనవరి నుండి తపాలా కార్యాలయములలోను పాస్‌పోర్టు సేవా కేంద్రములు తెరచుట ప్రారంభమైనది. రైల్వేవారు 2025 జూలై 1వ తేదీనుండి ఆన్‌లైను తత్కాల్ టికెట్టునకు ఆధారుతో ధ్రువపడిన ఖాతా ఉండవలెనని నియమించిరి. తత్కాల్ బుకింగు తెరచిన మొదటి అరగంట, అనగా ఏ.సి. తరగతులకు ఉదయము 10 నుండి 10-30 వరకు, ఇతర తరగతులకు 11 నుండి 11-30 వరకు, అధికృత ఏజెంట్లు సైతము టికెట్లు తీయరాదు.

అయితే కంప్యూటరుకు తాళము బిగించినకొలది ఫోను లేని ముదుసలి వెలుపలనే నిలిచిపోవు ప్రమాదమును కలదు. 2021లో కోవిడు టీకాల అనుభవము మరువరానిది. 18 నుండి 44 ఏండ్లవారికి మే 1న టీకాలు ప్రారంభమైనప్పుడు ఆన్‌లైనులో స్లాటు తీసికొనుట తప్పనిసరి. కంప్యూటరు నేర్పుగలవారికి స్లాట్లు దొరకగా, కూలిపనివానికి దొరకలేదు. మే 24న ప్రభుత్వ కేంద్రములలో అక్కడికక్కడే నమోదు చేయుటకు అనుమతి వచ్చినది. నేరుగా వచ్చినవానికిని ఒక కిటికీ తెరచి యుండవలెననునది దానివలన నేర్చిన పాఠము.

ఇక పంచాయతీల కర్తవ్యము. మొదట, పంచాయతీ కార్యాలయపు గోడమీద ఏ సేవకు ఎంత రుసుమో పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. ప్రతి గ్రామసభలో ఒకసారి చదివి వినిపింపుడు. అసలు పాస్‌పోర్టు వెబ్‌సైటు చిరునామా 'గవ్ డాట్ ఇన్' అని ముగియును. దానిని పోలిన నకిలీ వెబ్‌సైట్లు కలవని హెచ్చరింపుడు. పాస్‌పోర్టు సందేహములకు 1800-258-1800 అను ఉచిత ఫోను నంబరు కలదు. సొమ్ము మోసపోయినవారు వెంటనే 1930కి ఫోను చేయవలెను.

రెండవది, ఊరిలో చదువుకొన్న యువతీయువకులను ఇద్దరు ముగ్గురిని పిలిచి, వారమునకొక సాయంకాలము దరఖాస్తులు నింపి పెట్టుడని కోరుడు. మీసేవలోనో, కామన్ సర్వీసు కేంద్రములోనో నిర్ణీత రుసుము చెల్లించి నింపించుకొనుట తప్పు కాదు. రసీదు మాత్రము అడుగవలెను. సహాయమునకు కూలి వేరు, వంతునకు వెల వేరు. ఫోనుకు వచ్చు ఓటీపీని, అసలు సర్టిఫికెట్లను ఎవరి చేతను పెట్టరాదు.

మూడవది చెప్పుటకు కొంచెము కష్టమైనది. అయినను చెప్పక తప్పదు. "మావాడు, ముందుగా చూడుడు" అని మనము చీటీ వ్రాసి యిచ్చినప్పుడు, ఆ వెనుక నిలిచినవాని వంతును మనమే తీసికొనుచున్నాము. డబ్బు పుచ్చుకొనకపోయినను ఆ పని దళారి పనికి దూరము కాదు. ముందుగా మన చేతులు కడుగుకొన్నగాని ఎదుటివాని చేతిమురికిని చూపలేము.

సోదరులారా, బీదవానికి ధనము లేదు, పలుకుబడి లేదు. అతనికున్నది వంతు ఒక్కటే. దానిని కాపాడుట పంచాయతీకి పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. గోడమీద నాలుగు పంక్తులు, గ్రామసభలో నాలుగు మాటలు చాలును. ఈ వారముననే ఆ నాలుగు పంక్తులు మీ గోడలమీద కనబడునని ఆశించుచున్నాను.