రిజిస్టరు కంప్యూటరెక్కే ముందు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

బడి తెరిచిన నాటి నుంచి ఉన్న అడ్మిషన్ రిజిస్టర్లన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని మన సంఘం ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో తలపెట్టింది. నేను పాతికేళ్ళుగా డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నానని తెలిసి, "ఇందులో ఎక్కడెక్కడ ఇబ్బందులొస్తాయో, వస్తే ఏం చెయ్యాలో నువ్వు చెప్పవోయ్" అన్నారు కార్యదర్శి గారు. ఇచ్చింది ఇరవై నిమిషాలు. కాబట్టి నిర్వచనాల జోలికి పోను. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గార్ కాడ్ అనే ఆయన, సమాచారాన్ని పట్టికలుగా పెట్టుకుని పట్టికకూ పట్టికకూ సంబంధం కలుపుకునే పద్ధతిని ప్రతిపాదించారు. బ్యాంకుల దగ్గర్నుంచి ఆస్పత్రుల దాకా చాలావరకు లెక్కలు నేటికీ ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి. మనకీ అదే చాలు.

ఈ రిజిస్టరుతో ఎవరికి పని అంటారా? రాజోలు, మలికిపురం వైపు నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళే ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. పాస్‌పోర్టులో ఒక పుట్టినతేదీ, ఆధార్‌లో ఇంకొకటి. చివరికి వచ్చి నిలబడేది మన బడి ఆఫీసు గది గుమ్మం ముందే. పిల్లల స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్ అడిగే తల్లిదండ్రులూ అక్కడికే వస్తారు. ఇప్పటిదాకా గుమాస్తా గారు పేజీ తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, చేతిరాత పోల్చుకుని రాసిచ్చారు. కాగితం మీద కొట్టివేత కనబడితే ఎవరైనా అనుమానిస్తారు. కంప్యూటర్ తెర మీద కొట్టివేతలుండవు. అక్కడ తప్పు కూడా శుభ్రంగా కనబడుతుంది, జనం నమ్మేస్తారు. నా భయమల్లా అదే.

మేం పనిలో చూసే చిక్కుల్లో చాలావాటికి మూలం ఒకటే ప్రశ్న. పట్టికలో ఒక వరస అంటే ఏమిటి? ఒక మనిషా? ఒక అడ్మిషనా? ఒక సర్టిఫికెట్టా? ఇది తేల్చుకోకుండా మొదలుపెట్టిన ఏ డేటాబేసూ పట్టుమని ఐదేళ్ళు సుఖంగా నడిచింది నేను చూడలేదు. మన బడిలో ఏడో తరగతిలో మానేసి, వాళ్ళ నాన్నకు బదిలీ అయి తిరిగొచ్చాక తొమ్మిదిలో చేరిన పిల్లాడికి రెండు అడ్మిషన్ నంబర్లుంటాయి. మనిషి మాత్రం ఒక్కడే. కాబట్టి మనుషుల పట్టిక వేరు, అడ్మిషన్ల పట్టిక వేరు ఉండాలి, రెంటికీ ముడి వెయ్యాలి. కాడ్ గారి పద్ధతిలో సగం సారం ఇందులోనే ఉంది.

మరి వరసను గుర్తుపట్టేది దేనితో? పేరుతో అన్నారో, చిక్కుల్లో పడ్డట్టే. మా ఒక్క సెక్షన్‌లోనే ముగ్గురు సత్యనారాయణలు. ఆడపిల్లలకు పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది. వెంకటేశ్వరరావుని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకరు వీ పెడతారు, ఒకరు డబ్ల్యూ పెడతారు, ఇంకొకరు మధ్యలో హెచ్ చేరుస్తారు. ఫోన్ నంబరు అసలే పనికిరాదు, అది మారుతుంది, ఇంట్లో నలుగురిదీ ఒకటే ఉంటుంది. అడ్మిషన్ నంబరు అందామంటే, కొత్త రిజిస్టరు తెరిచినప్పుడు మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టిన సందర్భాలు పాత బళ్ళలో మామూలే. కాబట్టి రిజిస్టరు నంబరు, అడ్మిషన్ నంబరు, రెండూ కలిస్తేనే గుర్తు.

కోనసీమ వాళ్ళకి ఈ సంగతి వేరే నేర్పాలా? పోలవరం అంటే గోదావరి మీద ప్రాజెక్టు కడుతున్న పోలవరం అనుకుంటారని మనం ఐ. పోలవరం అంటాం. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరంతో పేచీ రాకుండా పి. గన్నవరం అంటాం. పొలం సర్వే నంబరు ఒక్కటే చెబితే ఏ రైతూ ఊరుకోడు, ఏ గ్రామంలో అని అడుగుతాడు. డేటాబేస్ వాళ్ళు దీన్నే కాంపోజిట్ కీ అని పెద్ద పేరు పెట్టి చెబుతారు.

సర్వే నంబరు అన్నాను కాబట్టి ఇంకొకటి. 5/2 అని ఎక్సెల్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి, అది తారీఖై కూర్చుంటుంది. మన రిజిస్టర్లలో 145/ఎ లాంటి నంబర్లు, ముందు సున్నా ఉన్న నంబర్లు ఉంటాయి. వాటితో కూడికలు తీసివేతలు చెయ్యం కదా! లెక్క చెయ్యని ప్రతి నంబరునీ అక్షరాలుగానే దాచాలి.

పేర్లు ఒకేలా ఉన్నాయని మనుషుల్ని కలిపేసే ఉత్సాహం కూడా వద్దు. నేను పనిచేసిన ఒక ఆస్పత్రి ప్రాజెక్టులో పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం కలిసిన రోగుల్ని ఒకరిగా లెక్కేసి కలిపేశారు. అందులో ఇద్దరు నిజంగానే వేర్వేరు మనుషులు, రక్తం గ్రూపులూ వేరు. నర్సమ్మ అనుమానించబట్టి సరిపోయింది. కలపడానికి ఒక్క ఆదేశం చాలింది. ఏ పరీక్ష ఎవరిదో విడదీయడానికి రెండు వారాలు పట్టింది. కాబట్టి ఒకే మనిషేమో అనిపించిన చోట కంప్యూటరు జాబితా ఇవ్వాలి, తేల్చాల్సింది ఆ బ్యాచ్‌కి పాఠం చెప్పిన మాస్టారు.

ఇక తెలుగు. పేర్లు తెలుగులోనే ఉండాలని తెలుగు మాస్టారు పట్టుబట్టారు, నేనూ ఆయన పక్షమే. కానీ ఇక్కడో మెలిక ఉంది. కృష్ణమూర్తి అన్న పేరు కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటరు దాన్ని విడగొట్టుకుంటుంది: కకారం, ఋత్వం, షకారం, పొల్లు, ణకారం, అలా లెక్కపెడితే పదకొండు గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు. అంటే ముప్పై మూడు. ఒరాకిల్‌లో పేరుకి ముప్పై అని గడి ఇస్తే, మామూలుగా అది ముప్పై బైట్లన్నమాట. నాలుగక్షరాల కృష్ణమూర్తి గారు అందులో పట్టరు! గడి కొలత అక్షరాల్లోనా బైట్లలోనా అన్నది ముందే చూసుకోవాలి.

దీనికన్నా ప్రమాదం ప్రశ్నార్థకాలు. గడి తెలుగుకు వీలైన రకం కాకపోతే పేరు స్థానంలో ప్రశ్నార్థకాల వరస వస్తుంది. చాలామంది ఇది ఫాంటు సమస్య అనుకుంటారు, ఫాంటు మార్చి మార్చి అలిసిపోతారు. అసలు పేరు అక్కడ లేదు, పోయింది. దాచింది ప్రశ్నార్థకాలనే. మళ్ళీ రిజిస్టరు చూసి కొట్టుకోవడం తప్ప దారి లేదు. అదే సావనీరు వేసే డీటీపీ వాళ్ళు అను ఫాంట్లలో కొట్టిన పాత సభ్యుల జాబితా తెచ్చి అతికిస్తే పిచ్చి గుర్తుల్లా కనబడుతుంది గానీ, దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. చూడ్డానికి రెండూ చెత్తే. ఒకటి పోయిన సరుకు, ఒకటి మూట కట్టిన సరుకు. ఏది ఏదో తెలుసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ఇంకో సంగతి చెప్పి తెలుగు వదిలేస్తాను. కిరణ్ అని వెతికితే కిరణ్ దొరకడు. ఎదురుగా తెర మీద కనబడుతూనే ఉంటాడు! కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని గుర్తొకటి పెడతాయి. మనకి ఇద్దరూ ఒకటే, యంత్రానికి ఇద్దరు కిరణ్‌లు. పేరు లోపలికి వెళ్ళే గుమ్మం దగ్గరే ఆ గుర్తునీ, చివరి ఖాళీల్నీ దులిపేయాలి.

తేదీల దగ్గర గురువుగార్లు నన్ను క్షమించాలి. మా తరంలో చాలామంది పుట్టింది జూన్, జూలై నెలల్లోనే, అదీ ఒకటో తారీఖునే. అది దేవుడు రాసింది కాదు, అడ్మిషన్ రోజున మాస్టారు రాసింది. అయినా సర్టిఫికెట్‌కు ఆధారం అదే, ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలి. సంవత్సరం మాత్రం నాలుగంకెలూ కొట్టాలి. 62 అని రెండంకెలు కొడితే మై ఎస్‌క్యూఎల్ దాన్ని 2062గా తీసుకుంటుంది. అక్కడ 70 నుంచి 99 దాకానే పోయిన శతాబ్దం. మన తొలి బ్యాచ్ వాళ్ళింకా పుట్టలేదని తేలుతుంది. అమెరికాలో ఉన్న మిత్రులు సాయం చేస్తామన్నారు, సంతోషం. కానీ వాళ్ళ కంప్యూటర్లలో నెల ముందు, రోజు తర్వాత. 03/04 అంటే ఇక్కడ ఏప్రిల్, అక్కడ మార్చి.

ఖాళీ గడి గురించి కోశాధికారి గారు వినాలి. చందా కట్టినవాళ్ళ జాబితాలో లేని సభ్యులెవరు అని నాట్ ఇన్ అన్న మాటతో అడిగారనుకోండి. కట్టినవాళ్ళ పట్టికలో ఒక్క రసీదుకి సభ్యుడి నంబరు రాయకుండా వదిలేసి ఉంటే, జవాబుగా ఒక్క పేరూ రాదు. ఎవరూ బాకీ లేరు! ఎందుకంటే ఖాళీ అంటే దాని లెక్కలో సున్నా కాదు, 'తెలియదు'. ఆ తెలియనివాడు మీరే కావచ్చు కదా అని అందరినీ వదిలేస్తుంది. తర్కం ప్రకారం దాని తప్పేం లేదు. ఆ గడి ఖాళీగా వదలడానికి వీల్లేదని పట్టిక కట్టేటప్పుడే నిబంధన పెట్టుకోవాలి, ప్రశ్న నాట్ ఎగ్జిస్ట్స్‌తో అడగాలి.

జిల్లా విషయంలో ఎవరో ఒకరు ఉత్సాహపడతారని నాకు తెలుసు. 2022 ఏప్రిల్ 4న మనకు కోనసీమ జిల్లా ఏర్పడింది. పాత రిజిస్టర్లలో తూర్పు గోదావరి అని ఉంటుంది. ఒక్క అప్‌డేట్‌తో అన్నీ మార్చేద్దాం అంటారు. 1985లో ఇచ్చిన టీసీలో ఏముందో రికార్డులోనూ అదే ఉండాలి. ఇప్పటి జిల్లా కావాలంటే పక్కన ఇంకో గడి పెట్టుకోండి. పైగా ఆ అప్‌డేట్‌కి వేర్ అనే షరతు మరిచిపోతే, రేవు దాటి నరసాపురం నుంచి వచ్చి చదువుకున్నవాళ్ళూ, యానాం వాళ్ళూ కూడా కోనసీమ వాళ్ళైపోతారు. మార్చే ముందు అదే షరతుతో సెలెక్ట్ చేసి ఎన్ని వరసలో చూడాలి. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, మార్చి, అన్నే మారాయని లెక్క సరిచూసి, అప్పుడు కమిట్ చెయ్యాలి. తేడా వస్తే రోల్‌బ్యాక్.

కమిట్ చెయ్యకుండా భోజనానికి వెళ్ళకూడదు కూడా. ఆ వరసలు తాళంలో ఉండిపోతాయి, మిగతావాళ్ళు సిస్టమ్ ఆగిపోయిందని ఫోన్లు చేస్తారు. ఒక గుమాస్తా అడ్మిషన్ రిజిస్టరు పట్టుకుని ఫీజుల రిజిస్టరు కోసం, ఇంకొకాయన ఫీజులది పట్టుకుని అడ్మిషన్‌ది కోసం కూర్చుంటే సాయంత్రమైనా తెమలదు. డేటాబేస్ దీన్ని కనిపెట్టి ఇద్దరిలో ఒకరి పని రద్దు చేస్తుంది. అందరూ ఒకే వరసలో, ముందు అడ్మిషన్, తర్వాత ఫీజు, తీసుకునేలా రాసుకుంటే ఆ గొడవ ఉండదు. నెమ్మదిగా నడుస్తోందంటే చాలాసార్లు ఇండెక్స్ లేకపోవడమే. నంబరు వరసలో ఉన్న రిజిస్టరులో పేరుతో వెతకమంటే పేజీలన్నీ తిప్పాల్సిందే కదా. మన బడికి ఉన్న కొద్ది వేల వరసలకి ఈ బాధ పెద్దగా ఉండదు, వదిలేద్దాం.

ఏ చిక్కొచ్చినా మీట నొక్కి ఆపి మళ్ళీ పెట్టడం మన అలవాటు. అలా చేస్తే జరిగినదాని ఆనవాళ్ళు కొన్ని చెరిగిపోతాయి. వచ్చిన సందేశాన్ని పూర్తిగా చదవండి, ఫోటో తీసుకోండి. నిన్న బాగుండి ఇవాళ నడవలేదంటే మధ్యలో ఏం మారిందో అడగండి. "ఏమీ మార్చలేదండీ" అంటారు. రెండోసారి అడగండి. అప్పుడు చెబుతారు.

చివరగా నకళ్ళు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు ఒక సర్వరు అనుకుని ఇంకో సర్వరు మీద డేటా తుడిచేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు ఐదు రకాలున్నాయి, అవసరానికి ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. మరో పని కోసం ఆరు గంటల ముందు తీసిన నకలు ఉండబట్టి బయటపడ్డారు. ఆ సంగతంతా వాళ్ళే దాచకుండా లోకానికి చెప్పారు, అది మెచ్చుకోవాలి. బ్యాకప్ తీశామంటే నేను నమ్మను. దాన్ని వేరే కంప్యూటర్‌లో తిరిగి పోసి, నాలుగు పేర్లు వెతికి చూపిస్తే నమ్ముతాను. నెలకోసారి అది చెయ్యాలి.

నకలు ఎక్కడ పెడతారన్నది ఇంకా ముఖ్యం. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్ళు ఈ సభలో సగం మంది ఉన్నారు. ఆఫీసు బీరువాలో ఒక పెన్ డ్రైవూ, ఆ పక్క వీధిలో కార్యదర్శి గారింట్లో ఒకటీ పెడితే నీళ్ళకి రెండూ ఒకటే. ఒక నకలు గోదావరి పాయలు దాటి, మెరక మీదున్న ఊళ్ళో ఉండాలి. హైదరాబాద్‌లో ఉన్న మన వాళ్ళొకరు ఆ బాధ్యత తీసుకోండి. రిజిస్టరు పేజీలకు ఫోటోలు తీసి అవీ జత చెయ్యాలి, ఎందుకంటే కంప్యూటర్‌లో ఉన్నది సరేనా అని తేల్చేది ఆ పేజీయే. వాటిలో పుట్టినతేదీలు, కులం, తల్లిదండ్రుల వివరాలు ఉంటాయి. వాట్సాప్ గుంపులో పెట్టకండి, దయచేసి.

రేపు ఉదయం పది గంటలకు హెడ్‌మాస్టారి గదిలో మొదటి రిజిస్టరు తెరుస్తున్నాం. కొట్టడానికి ఇద్దరు, కొట్టింది పేజీతో సరిచూడ్డానికి ఇద్దరు కావాలి. కొట్టినవాళ్ళే సరిచూడకూడదు. మొదటి వంద పేర్లూ అయ్యాక ఆగి, పట్టిక సరిగ్గా కట్టామో లేదో చూసుకుని ముందుకెళ్దాం. పాత చేతిరాతలు చదవగలిగిన మాస్టార్లు ఒకరిద్దరు వచ్చి కూర్చుంటే చాలు, కాఫీ మా బ్యాచ్ వాళ్ళు చూసుకుంటారు. కళ్ళజోళ్ళు మాత్రం మరిచిపోకండి.