పాత కంప్యూటర్ల కూటమి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గొలుగొండలో చేసిన ప్రసంగము)



భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. భారతము నాకు ప్రియమైనదే. కాని మన గ్రంథాలయపు వెనుకగదిలో ఎనిమిది పాత కంప్యూటర్లు దుమ్ము పట్టి యున్నవి. వానిని పాత ఇనుము క్రింద తూకమునకు అమ్మివేయవలెనను తీర్మానము కార్యవర్గము ముందున్నది. ఆస్తిని కొట్టివేయుటకు ముందు దాని విలువ కట్టుట లెక్కలు వ్రాయువాని పని. అందుచేత ఈ విషయము నెన్నుకొంటిని. భారతము ఎట్లును నడుమ వచ్చును.

విడివిడిగా చూచినచో ఆ యంత్రములన్నియు నీరసములే. అయితే ఒక పెద్దపనిని ముక్కలు చేసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ముక్క అప్పగించి, ఫలితములను ఒకచోట చేర్చినచో అవి యన్నియు కలిసి ఒక పెద్ద యంత్రమువలె పనిచేయును. దీనిని క్లస్టరు అందురు. మనము కూటమి యనుకొందము. ఇక్కడి పెద్దలకు ఇది క్రొత్త కాదు. 1984లో కరణీకము రద్దగుటకు పూర్వము, జమాబందీ దినములలో తాలూకాలోని కరణములు ఎవరి గ్రామలెక్క వారు ఏకకాలమున సిద్ధపరచెడివారు. ప్రక్క ఊరి కరణము ముగించువరకు ఎవరును కాచుకొని యుండలేదు. తాలూకా మొత్తము వేయుట మాత్రము ఒక్క కచేరీలోనే జరుగవలెను.

చిక్కంతయు ఆ చివరి మొత్తము కడనే యున్నది. 1967లో జీన్ ఆమ్డాల్ అను అమెరికా ఇంజనీరు ఈ సంగతిని చర్చకు పెట్టెను. ఆయన పేరనే నేడు ఒక సూత్రము చెలామణి యగుచున్నది. పనిలో పదియవ వంతు ఒక్కరే చేయదగినదైనచో, తక్కినదానికి వేయి యంత్రములు పెట్టినను వేగము పదిరెట్లకు మించదు. మన ఎనిమిదింటితో ఐదురెట్లయినను రాదు. కావలసినవారు కాగితముపై వేసి చూచుకొనవచ్చును.

కనుక ఒకదానికై మరియొకటి ఎదురుచూడని ముక్కలుగల పనినే ఎన్నుకొనవలెను. పదునొకండవ శతాబ్దమున నన్నయగారు అరణ్యపర్వమును సగములో విడిచిరి. పదుమూడవ శతాబ్దమున తిక్కనగారు ఆ ఖాళీ పూరింపబడు వరకు ఆగక, విరాటపర్వము నుండి ఆరంభించి పదునైదు పర్వములు వ్రాసిరి. మిగిలిన అరణ్యపర్వమును పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱనగారు పూర్తిచేసిరి. అతుకు తెలియకుండ కలుపు కష్టమంతయు ఆయనదే. కూటమిలోను అంతే. యంత్రములు మాటిమాటికి ఒకదానితో నొకటి సంప్రదింపవలసిన పనియైనచో, తీగెలపై రాకపోకలకే కాలమంతయు చెల్లిపోవును.

ఇది నా ఊహ కాదు. మన దేశమున పూనాలోని సీడాక్ సంస్థ 1991లో అనేక ప్రాసెసర్లను జతపరచి పరమ్ 8000 అను యంత్రమును నిర్మించెను. హైదరాబాదులో రక్షణశాఖవారి అనురాగ్ సంస్థ, విమాన నిర్మాణపు లెక్కల కొరకు పేస్ అను సమాంతర యంత్రమును చేసెను. అవి ప్రభుత్వపు ధనముతో ప్రత్యేకముగా చేసినవి. మనకు దగ్గరివి వేరు. 1994లో అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన గొడ్డార్డ్ కేంద్రములో థామస్ స్టెర్లింగ్, డోనాల్డ్ బెకర్ అనువారు అంగడిలో దొరకు 16 మామూలు యంత్రములను కలిపి బేవుల్ఫ్ అని పేరిడిరి. 1997లో ఓక్‌రిడ్జ్ పరిశోధనాలయమునందు హార్‌గ్రోవ్, హాఫ్‌మన్ అను ఇరువురు, సొమ్ము లేక, ఇతరులు పారవేయనున్న కంప్యూటర్లను పోగుచేసి పెద్ద కూటమి కట్టిరి. దానితో తమ దేశమును వాతావరణము, నేలలనుబట్టి విభజించు పటములు తయారుచేసిరి. దానికి రాతిపులుసు పేరు పెట్టుకొనిరి. ఒక బాటసారి రాతిని ఉడికించుచు, ఊరివారందరిచేత తలకొక కూరగాయ వేయించి విందు చేసిన కథ అది.

ఇక మన లెక్క. మన పాత ముద్రిత గ్రంథముల పుటలను ఫొటోలు తీసి, అక్షరములుగ మార్చవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాము. తెలుగు అక్షరములను గుర్తించు టెసరాక్ట్ అను ప్రోగ్రాము ఉచితముగనే లభించును. ఏ పుటకా పుట వేరు గనుక ఈ పని కూటమికి తగినది. ఒక పుటకు ఒక నిమిషము పట్టుననుకొన్నచో 400 పుటల గ్రంథమునకు ఒక యంత్రము 400 నిమిషములు తీసికొనును. ఎనిమిదియైనచో 50 నిమిషములు, పంచుటకును కూర్చుటకును మరికొంత. కావలసినవి ఒక స్విచ్చి పెట్టె, ఎనిమిది తీగెలు, అన్నింటిలో ఉచితమైన లినక్సు. ఒకదానిని మేస్త్రీగా నియమింతుము. తెర దానికొక్కదానికే చాలును. పాత యంత్రములు నడుమ ఆగిపోవును గనుక, ఆగినదాని ముక్కను వేరొకదానికి ఇచ్చు ఏర్పాటు తప్పక యుండవలెను.

ఖర్చు దాచను. ఒక్కొక్కటి 100 వాట్లు త్రాగుననుకొన్నచో ఎనిమిదియు అయిదు గంటలకు 4 యూనిట్లు వాడును. ఒక మంచి క్రొత్త యంత్రము ఇదే పనిని తక్కువ కరెంటుతో చేయగలదు. కొనుటకు సొమ్మున్నచో దానినే కొనుడని నేనే చెప్పుదును. సొమ్ము లేదు, పద్దు నా చేతనే యున్నది. పైగా క్రొత్త పెట్టెను మన పిల్లలు తెరచి చూడలేరు, వీనిని విప్పి బిగించి నేర్చుకొనగలరు.

కాబట్టి ఒక్క సంవత్సరము అమ్మకము ఆపుడని కార్యవర్గమును కోరుచున్నాను. ఆలోగా పని జరుగనిచో తూకపు కాటా నేనే తెప్పించెదను. మొదట అట్టలు ఊడిన శతకములతో ఆరంభింతము. చేతివ్రాతతోనున్న మన గ్రంథముల రిజిష్టరును మాత్రము ఈ ప్రోగ్రాము సరిగా చదువలేదు; దానిని ఆదివారములలో ఇద్దరిద్దరుగా కూర్చుండి మనమే ఎక్కింపవలెను. పేర్లు ఇచ్చువారు సభ ముగిసినవెంటనే నన్ను కలిసికొనగలరు.