చక్రాల మీద ఇల్లు: ఉన్నదాన్ని బాగుచేసుకోవాలా, పెద్దది కొనాలా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి పెద్దలు మాట్లాడిన తరువాత నేను లేచి అమెరికా ట్రెయిలర్ల గురించి చెప్పబోవడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. కానీ ఈ విషయమే మాట్లాడమని కార్యదర్శిగారు పట్టుబట్టారు. మన సభ్యుల్లో చాలామందికి పిల్లలో, తోబుట్టువులో, వియ్యంకులో అక్కడ ఉన్నారు. 1970లలో, 80లలో వెళ్లినవారు ఇప్పుడు రిటైరై మనలాగే పెన్షనర్లయ్యారు. వారిలో కొందరికి చక్రాల ఇంట్లో దేశం తిరగాలనే కోరిక పుట్టింది. మా తమ్ముడు వారిలో ఒకడు. టెక్సాస్‌లో వాడింట్లో నాలుగు నెలలున్నాను. నేను బస్సుల వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు యాక్సిళ్లు, బ్రేకులు చూసినవాణ్ణి కాబట్టి, "అన్నయ్యా, ఉన్న ట్రెయిలరు బాగుచేయించుకోనా, అమ్మేసి ఫిఫ్త్ వీల్ కొననా?" అని నన్ను అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను చూసినదీ, లెక్క కట్టినదీ మీకు మనవి చేస్తాను.

ముందు ఈ రెండూ ఏమిటో చెప్పాలి. ట్రావెల్ ట్రెయిలరు అంటే బండి వెనక బంపరు కింద ఉన్న ఇనుప గుండుకు తగిలించి లాగే ఇల్లు. వంటగట్టు, మంచం, స్నానాలగది అన్నీ ఉంటాయి. ఫిఫ్త్ వీల్ మరో తరహా. విశాఖ పోర్టు నుంచి వచ్చే కంటైనరు లారీలను మీరంతా చూసే ఉంటారు. ట్రెయిలరు ముందుభాగం లారీ వెనక చక్రాల మీదున్న పెద్ద పళ్లెంలాంటి దాని మీద కూర్చుంటుంది, కింగ్ పిన్ అందులో బిగుసుకుంటుంది. ఆ పళ్లేన్నే ఫిఫ్త్ వీల్ అంటారు. గుర్రపు బగ్గీల కాలంలో ముందు ఇరుసు తిరగడానికి దాని మీద అడ్డంగా ఒక చక్రం అమర్చేవారు. కింద నాలుగు, పైన ఇది అయిదోది; పేరు అలా వచ్చింది. విమానాలు తయారుచేసిన గ్లెన్ కర్టిస్ ఈ పద్ధతిలో లాగే నివాసపు ట్రెయిలర్లను 1920లలోనే అమెరికాలో తయారు చేయించాడు. ఇప్పుడు పికప్ ట్రక్కు తొట్టిలో ఆ పళ్లెం బిగించి, ముప్ఫై నలభై అడుగుల ఇంటిని లాక్కుపోతున్నారు.

తేడా అంతా బరువు ఎక్కడ పడుతుందన్న దాంట్లోనే ఉంది. ఇది మన పల్లెటూరివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఎడ్లబండిలో ధాన్యం బస్తాలు ముందుకు ఎక్కువ వేస్తే కాడి ఎడ్ల మెడలు నొక్కేస్తుంది. వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేచి గొంతుకు పడుతుంది. మా తాతగారు బస్తాలు సర్ది, కాడి చేత్తో ఎత్తి చూసి గాని ఎడ్లను కట్టేవారు కాదు. ట్రావెల్ ట్రెయిలరుకూ అదే సూత్రం. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ఆ గుండు మీద పడాలి. తక్కువైతే, రోడ్డు మీద వేగం అందుకున్నాక ట్రెయిలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒక్కోసారి లాగే బండినే పక్కకు ఈడ్చేస్తుంది. ఫిఫ్త్ వీల్‌లో నూటికి 15 నుంచి 25 వంతుల బరువు పిన్ మీద పడుతుంది. అది ట్రక్కు వెనక ఇరుసుకు సరిగ్గా పైనగాని, కాస్త ముందుగాని ఉంటుంది కాబట్టి ఊగిసలాట చాలా తక్కువ. పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినా, అడ్డగాలి కొట్టినా నిబ్బరంగా పోతుంది. తోలేటప్పటి సుఖం మటుకు ఫిఫ్త్ వీల్‌దే. దీనిలో నాకు సందేహం లేదు.

అయితే ఆ సుఖానికి ఎవరు మూల్యం చెల్లిస్తారు? ట్రక్కు చెల్లిస్తుంది. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద చిన్న స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌన్లకు మించరాదని దాని మీద అచ్చువేసి ఉంటుంది. తమ్ముడి ట్రక్కుది 1,620 పౌన్లు, అంటే సుమారు 735 కిలోలు. వాడి ట్రెయిలరు 22 అడుగులది. సామానుతో సహా లారీల వేబ్రిడ్జి మీద తూయిస్తే 6,100 పౌన్లు వచ్చింది. అందులో నూటికి 12 వంతుల చొప్పున 730 పౌన్లు గుండు మీద. దంపతులిద్దరూ కలిసి 330. తగిలించే సరంజామా 90. తొట్టిలో కుర్చీలు, పనిముట్లు 200. మొత్తం 1,350. ఇంకా 270 పౌన్లు మిగులు ఉంది.

వాడు మనసుపడిన 34 అడుగుల ఫిఫ్త్ వీల్ నిండు బరువు 12,500 పౌన్లు. నూటికి 20 వంతులు వేసుకున్నా పిన్ మీద 2,500. పళ్లెం 180, మనుషులు 330, సామాను 200 కలిపితే 3,210. స్టిక్కరు మీదున్నదానికి దాదాపు రెట్టింపు! అమ్మే ఆసామి మాత్రం, "దీని ఖాళీ బరువు 9,800 పౌన్లే, మీ ట్రక్కు 11,000 లాగుతుందని కంపెనీవారే రాశారు" అన్నాడు. లాగడం వేరు, మోయడం వేరు, ఆపడం వేరు. ఖాళీ బరువుతో ఎవరు ప్రయాణం చేస్తారు? అమెరికా గాలను నీళ్లు 8.3 పౌన్లు తూగుతాయి. 60 గాలన్ల ట్యాంకు నింపితేనే 500 పౌన్లు. గ్యాసు సిలిండర్లు, పచ్చళ్ల సీసాలు, బియ్యం, మా మరదలి గ్రైండరు వేరే.

కాబట్టి ఫిఫ్త్ వీల్ కొనడమంటే ట్రక్కును కూడా మార్చడమే. ఒన్ టన్ అని పిలిచే పెద్ద ట్రక్కు కావాలి. పేరు పాతకాలపుది, అది మోసేది ఒక టన్ను కంటే ఎక్కువే. కొత్త డీజిలు ట్రక్కు ఖరీదు ట్రెయిలరు ఖరీదుతో పోటీపడుతుంది. పైగా తొట్టి పొట్టిదైతే మలుపుల్లో ట్రెయిలరు మూల ట్రక్కు వెనక అద్దానికి తగిలే ప్రమాదం ఉంది. దానికి జరిగే పళ్లెమో, పొడుగు తొట్టి ట్రక్కో చూసుకోవాలి.

ఇంటి లోపలి సంగతి చెబుతాను. ఫిఫ్త్ వీల్ లోపల అడుగుపెడితే నిజంగా ఇల్లే. ఎత్తయిన కప్పు, నిల్చుని వండుకునే చోటు, ఆపాక పక్కకు జరిగి విశాలమయ్యే గదులు. కరెంటు మాట మన విద్యుత్ శాఖ మిత్రులకు ఆసక్తిగా ఉంటుంది. చిన్న ట్రెయిలర్లు సాధారణంగా 30 ఆంపియర్ల కనెక్షన్ మీద నడుస్తాయి. 120 వోల్టుల దగ్గర అది 3,600 వాట్లు. పెద్దవాటికి 50 ఆంపియర్ల కనెక్షన్ ఉంటుంది. అందులో 120 వోల్టుల తీగలు రెండు వస్తాయి కాబట్టి 12,000 వాట్లు దొరుకుతుంది. రెండు ఏసీలు ఒకేసారి వేసుకోవచ్చు. టెక్సాస్ ఆగస్టు ఎండలో ఇది చిన్న విషయం కాదు.

కానీ పడకగది పైన ఉంటుంది. ట్రక్కు తొట్టి మీదకు వచ్చే భాగంలోనే మంచం వేస్తారు. అక్కడికి పోవడానికి లోపలే రెండు మూడు మెట్లు. బయట నుంచి ఎక్కడానికి మరో మూడు నాలుగు. మా మరదలికి మోకాళ్ల నొప్పులు. షోరూములో ఆ మెట్లు చూసి ఆవిడ ఒక్క మాటే అంది: "బావగారూ, మేడ మెట్లు ఎక్కలేకనే కదా ఇంట్లో కింద గదికి మారాం. మళ్లీ చక్రాల ఇంట్లో మెట్లా?" రాత్రి రెండు మూడుసార్లు లేచే వయసులో ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. ట్రావెల్ ట్రెయిలరులో నేల అంతా ఒకే మట్టం.

ఎత్తు కూడా చూడాలి. ఫిఫ్త్ వీల్ పన్నెండు పదమూడు అడుగుల ఎత్తుంటుంది. చాలా రాష్ట్రాల్లో రోడ్డు మీద అనుమతించేది 13 అడుగుల 6 అంగుళాలు. పెట్రోలు బంకు పందిళ్లు, చెట్లకొమ్మలు కనిపెట్టుకుని తోలాలి. జాతీయ పార్కుల్లోని పాత విడిదులు చిన్న బండ్ల కాలంలో కట్టినవి. టెక్సాస్‌లోని బిగ్ బెండ్ పార్కులో చిసోస్ బేసిన్‌కు పోయే ఘాటురోడ్డు మీదకు 20 అడుగులు దాటిన ట్రెయిలర్లు తేవద్దని పార్కువారే సూచిస్తారు. తమ్ముడి బండే అక్కడికి పోదు, ఇక 34 అడుగులది ఎక్కడ పోతుంది? కింద నది ఒడ్డు విడిదిలో ఇల్లు నిలిపి, ఉత్త ట్రక్కు మీద కొండెక్కి రావాలి. ఇక్కడే ఒక మాట. ఆ దేశపు పౌరులకు, శాశ్వత నివాసులకు 62 ఏళ్లు నిండితే జాతీయ పార్కులకు జీవితకాలపు పాసు ఇస్తారు. 10 డాలర్లుండేదాన్ని 2017లో 80 చేశారు. అయినా చవకే. కొన్ని ప్రభుత్వ విడిదుల్లో అద్దె కూడా సగమే.

డబ్బు లెక్క. అక్కడ ఈ బండ్లకు పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్ల అప్పులిస్తారు. నెలకు కట్టేది తక్కువగా కనబడుతుంది, ఆశ అక్కడే పుడుతుంది. ఉదాహరణకు 80,000 డాలర్లు, నూటికి 8 వడ్డీ, 15 ఏళ్లు అనుకోండి. నెలకు సుమారు 765. మొత్తం కట్టేది 1,37,600 పైచిలుకు. తమ్ముడికి 68 ఏళ్లు. ఆఖరి వాయిదా కట్టేనాటికి 83. స్థలం కొంటే పెరుగుతుంది, ఇది మాత్రం గేటు దాటిన రోజు నుంచే తరుగుతుంది. పిల్లలకు మిగిలే ఆస్తి అని దీన్ని ఎవరూ అనుకోవద్దు.

వీటన్నిటికంటే నేను గట్టిగా అడిగిన ప్రశ్న వేరొకటుంది. దారిలో తమ్ముడికి ఒంట్లో బాగోకపోతే బండి ఎవరు తోలతారు? అక్కడ పల్లెల మధ్య వంద మైళ్లకు గాని ఊరు తగలని రోడ్లున్నాయి. ఇద్దరిలో ఒకరే తగిలించగలిగి, ఒకరే తోలగలిగి, ఒకరే వెనక్కి పెట్టగలిగితే ఆ ప్రయాణం ఒంటికాలి మీద నడక. మా మరదలు చిన్న ట్రెయిలరును తగిలిస్తుంది, తోలుతుంది కూడా. వెనక్కి పెట్టడం మటుకు ఇంకా రాదు. ఫిఫ్త్ వీల్ తగిలించడం ఒక విధంగా తేలికే. వెనక అద్దంలోంచి పిన్ కంటికి కనబడుతూనే ఉంటుంది. కాని ఆ పెద్ద ట్రక్కు స్టీరింగు ముందు ఆవిడ కూర్చోనే కూర్చోనంది. భర్త పోయిన తరువాత రెండు అప్పుల బండ్లతో మిగిలిపోయిన ఒక ఇల్లాలి సంగతి వాళ్ల వీధిలోనే విన్నాను. అవి అమ్మడానికి ఆవిడ పడిన యాతన ఇక్కడ వివరించను.

ఇంతమాత్రాన ఫిఫ్త్ వీల్ ఎవరికీ తగదని కాదు. ఇల్లు అమ్మేసి ఏడాది పొడుగునా అందులోనే ఉండేవారికి, చలికాలమంతా ఒకేచోట దించుకునేవారికి అదే మేలు. ఉత్తరాది చలికి జడిసి టెక్సాస్ దక్షిణపు కొసకు వచ్చి మార్చిదాకా ఉండిపోయే ముసలి దంపతులను అక్కడ "వింటర్ టెక్సన్లు" అంటారు. కదలకుండా నెలల తరబడి ఉండేవారికి గది విశాలం ముఖ్యం. వారికి నేను చెప్పే జాగ్రత్త వైద్యం గురించే. అసలు మెడికేర్ ఉంటే, దాన్ని అంగీకరించే ఏ డాక్టరు దగ్గరకైనా దేశమంతటా పోవచ్చు. కంపెనీల ద్వారా వచ్చే అడ్వాంటేజ్ ప్లాన్లు సాధారణంగా ఒక ప్రాంతానికి పరిమితం. బయట అత్యవసర వైద్యానికి తప్ప పూర్తిగా పనికిరావు. ఆ ప్రాంతం వదిలి ఏకబిగిన ఆరు నెలలు దాటితే మామూలుగా సభ్యత్వమే పోతుంది. ఇల్లు అమ్మకముందే ఇది విచారించుకోవాలి.

ఇక ఉన్నదాన్ని బాగుచేసుకోవడం. మొదట టైర్లు. ట్రెయిలరు టైర్లు అరిగిపోయి పోవు, ఎండలో నిలబడి పోతాయి. పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఆరేళ్లు దాటితే గాళ్లు ఎంత లోతుగా కనబడినా తీసేయడమే మంచిది. బేరింగులకు ఏటా గ్రీజు, బ్రేకుల తనిఖీ. కప్పు మీది అతుకుల దగ్గర సీలు విడిచిందేమో నిచ్చెన వేసి చూడాలి. ఈ బండ్లను చంపేది రోడ్డు కాదు, నీళ్లు. నేల మీద మూలమూలా పాదంతో నొక్కితే మెత్తగా దిగబడుతోందంటే లోపల చెక్క కుళ్లిందన్నమాట. అలాంటి బండి మీద డబ్బు పోయకుండా వదిలించుకోవాలి. తమ్ముడిది గట్టిగానే ఉంది. కొత్త టైర్లు, మంచి పరుపు, గుమ్మం దగ్గర వెడల్పు మెట్టు, పట్టుకోవడానికి కడ్డీ, స్నానాలగదిలో మరో కడ్డీ, లిథియం బ్యాటరీ, కప్పు మీద సోలార్ పలకలు, ఊగిసలాటను అదుపుచేసే మంచి హిచ్. అన్నీ కలిపినా పెద్ద ట్రక్కు ఖరీదులో పదోవంతు కాలేదు.

వాడు మాత్రం నా మాట మీదే నిర్ణయించుకోలేదు. రెండు వారాలకు ఒక ఫిఫ్త్ వీల్ అద్దెకు తీసుకున్నాడు. దాన్ని యజమానే తెచ్చి విడిదిలో దించిపోయాడు. నాలుగో రాత్రి నుంచి మరదలు కింద సోఫాలోనే పడుకుంది. ట్రెయిలరుకు టైర్లు మార్చిన బిల్లు తాలూకు ఫొటో పోయిన నెలలో పంపాడు. వచ్చే అక్టోబరులో న్యూమెక్సికో వెళతారట. వెనక్కి పెట్టడం మరదలు ఖాళీ మైదానంలో నేర్చుకుంటోంది.

మీలో ఎవరి వియ్యంకులైనా ఇదే ఆలోచనలో ఉంటే ఆ స్టిక్కరు మీది అంకె, ట్రెయిలరు నిండు బరువు రాసి తెమ్మనండి. లెక్క నేను కట్టి ఇస్తాను. సెలవు.