యంత్రం తన వేగాన్ని తానే కొలుచుకుంటే

దాగుడుమూతల్లో దొంగ వంద లెక్కపెట్టాలి కదండీ. గబగబా లెక్కించే గడుగ్గాయి దొరికితే దాక్కునే వ్యవధే ఉండదు. కంప్యూటర్లోనూ ఇదే చిక్కు. ఫ్లాపీ వంటి పరికరానికి ఆజ్ఞ ఇచ్చాక ప్రాసెసర్ ఊరికే అంకెలు లెక్కిస్తూ కాసేపు ఆగాలి. ఎన్ని అంకెలో ప్రోగ్రాములో ముందే రాసేస్తే, రేపు వచ్చే వేగమైన ప్రాసెసర్ ముందే ముగిస్తుంది. పరికరం సిద్ధంగా ఉండదు, దాచుకున్నది పాడైనా కావచ్చు.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌లో దీనికి తొలి ఏళ్లలోనే ఉపాయం చేశారు. ఆనాటి పీసీలో గడియారపు చిప్ సెకనుకు 100 సార్లు గంట కొట్టేది. గంటకూ గంటకూ నడుమ తాను ఎన్ని లెక్కపెట్టగలదో యంత్రం ఆన్ కాగానే చూసుకుని, ఆగవలసిన కాలాన్ని దాన్నిబట్టి గుణించుకునేది. ఆ కొలతకు పెట్టిన పేరు బోగోమిప్స్, అంటే ఉత్తుత్తి మిప్స్! దాన్ని చూసి కంప్యూటర్ కొనకండి. తర్వాత ప్రాసెసర్లు నడుస్తూనే వేగం మార్చుకోవడం నేర్చాయి. అలా మారినప్పుడల్లా ఈ సంఖ్యనూ సవరించవలసి వచ్చింది.