జాబితాలో లేని ఆస్పత్రి, చేతికి వచ్చిన బిల్లు
(తుళ్లూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడటానికి డాక్టరు గారిని పిలవక, ట్రెజరీలో రిటైరైన నన్ను పిలిచారేమిటని కొందరికి అనిపించి ఉంటుంది. నేను మనవి చేయబోయేది రోగం గురించి కాదు, బిల్లు గురించి. ముప్పై రెండేళ్లు ఇతరుల బిల్లుల మీద ఎర్ర సిరాతో అభ్యంతరాలు రాసినవాణ్ణి. 2022లో నా బిల్లు మీద మరొకరు రాశారు.

ఆ ఏడాది ఒక రాత్రి రెండు గంటలకు మా ఆవిడకు గుండెలో నొప్పి, ఒళ్లంతా చెమటలు. అబ్బాయి కారు తీశాడు. గుంటూరులో ఒక గుండె వైద్యుని ఆస్పత్రికి తీసుకుపోయాము. ఒక స్టెంటు వేశారు, మనిషి దక్కింది. ఆ డాక్టరు గారికి ఈనాటికీ చేతులెత్తి నమస్కరిస్తాను. తెల్లవారి కౌంటరులో హెల్త్ కార్డు చూపిస్తే, "ఈ కార్డు మా దగ్గర చెల్లదండీ, డబ్బు కట్టి బిల్లు పెట్టుకోండి, మొత్తం వస్తుంది" అన్నారు. ఆ "మొత్తం" అన్న మాట నేను నమ్మాను. అన్ని బిల్లులు చూసినవాణ్ణి, నేనే నమ్మాను! కట్టింది 2,12,000. పదకొండు నెలల తర్వాత వచ్చింది 1,04,000. తక్కినది మా ఆవిడ గాజులు.

మిర్చి యార్డుకు టిక్కీలు తోలే రైతు కూడా ముందు రోజు ధర కనుక్కుంటాడు, తాలు కాయకు ఎంత కోస్తారో అడుగుతాడు. మనం మాత్రం ఆస్పత్రిలో ధర అడగటం పరువు తక్కువ అనుకుంటాము.

ఎందుకు సగమే వచ్చిందో చెబుతాను. 2013 నవంబరులో మన రాష్ట్రంలో ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉత్తర్వులు వచ్చాయి. మొదట్లో నెలకు 90 లేక 120 రూపాయలు కోసేవారు, గుర్తుండే ఉంటుంది. ఆ పథకం కింద ఒప్పందం ఉన్న ఆస్పత్రిలో ఫలానా ఆపరేషనుకు ఇంత అని ప్యాకేజీ ధర ఉంటుంది, ఆ ధరకు ఆస్పత్రి ఒప్పుకుని సంతకం చేసింది. ఒప్పందం లేని ఆస్పత్రి దేనికీ ఒప్పుకోలేదు గనుక తన ధర తాను వేసుకుంటుంది. మనం తర్వాత రీయింబర్సుమెంటు కోరితే ప్రభుత్వం తన ధర ప్రకారమే లెక్క కడుతుంది. ఈ రెండు ధరల మధ్య తేడా ఎవరిదయ్యా అంటే, మనది.

ఇంకో మెలిక ఉన్నది. ఆస్పత్రి పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని ఆస్పత్రులకు ఎముకల విభాగానికి ఒప్పందం ఉంటుంది, గుండెకు ఉండదు. కాబట్టి "కార్డు తీసుకుంటారా?" అని కాదు, "ఈ జబ్బుకు కార్డు తీసుకుంటారా?" అని అడగండి. జాబితా మారుతూ ఉంటుంది గనుక పోయిన సంవత్సరం ఎవరో అన్న మాట మీద వెళ్లకండి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు జాబితా చూసేదెవరు? దగ్గరలో ఉన్న ఆస్పత్రికి పోవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ అలా పోయినప్పుడు డిశ్చార్జి రోజున కాగితాలు చూసుకోవాలి. అత్యవసర స్థితిలో చేర్చుకున్నామని డాక్టరు సంతకంతో ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు, ఈ మందులు, ఈ వైద్యం అవసరమేనని ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లుల అసలు ప్రతులు. నేను మొదటిది అడగలేదు. నెల తర్వాత వెళితే డాక్టరు గారు ఊళ్లో లేరు, మళ్లీ వెళితే ఫైలు దొరకలేదు. ఆ ఒక్క కాగితానికి ఐదు సార్లు గుంటూరు బస్సెక్కాను. అన్నీ కలిపి డిశ్చార్జి అయిన ఆరు నెలల లోపు మీరు చివరగా పనిచేసిన కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి.

స్టెంటు విషయం ఒక్కమాట. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. మందుపూత స్టెంటు అప్పట్లో 29,600 రూపాయలు దాటకూడదన్నారు, తర్వాత ఆ ధర సవరిస్తూ వచ్చారు. బిల్లులో స్టెంటు ధర విడిగా రాయించుకోండి, పెట్టె మీది స్టిక్కరు కూడా బిల్లుకు అతికించమనండి.

ఇక కోర్టుల సంగతి. పంజాబులో రిటైరైన పోలీసు అధికారి సుర్జీత్ సింగ్ గారు ఇంగ్లండు వెళ్లినప్పుడు గుండెపోటు వచ్చి లండనులో ఆపరేషను చేయించుకున్నారు. లండను ఖర్చు కాకపోయినా ఢిల్లీ ఎస్కార్ట్స్ ధర ఇప్పించమని కోరారు, 1996లో సుప్రీంకోర్టు ఇప్పించింది. 2018 ఏప్రిల్ 13న శివకాంత్ ఝా గారి కేసులో, ఆస్పత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో పెన్షనరు క్లెయిమును తిరస్కరించరాదని, వైద్యం నిజంగా జరిగిందా లేదా అన్నదే చూడాలని చెప్పింది. ఆయన కేంద్ర ప్రభుత్వ పెన్షనరు, అయినా ఈ తీర్పును మన అర్జీలోనూ ఉదహరించవచ్చు. అయితే 1998లో రామ్ లుభాయా బగ్గా కేసులో, ఖజానా శక్తిని బట్టి ప్రభుత్వం ధరలకు హద్దు పెట్టుకోవచ్చునని కూడా అదే కోర్టు అన్నది. తీర్పు ఉన్నది గదా అని అప్పు చేసి ఖరీదైన గది తీసుకోకండి.

గది అంటే జ్ఞాపకం వచ్చింది. మనలో చాలామందికి పిల్లలు ప్రైవేటు బీమా కట్టారు. పాలసీలో గది అద్దెకు రోజుకు 4,000 పరిమితి ఉండి మీరు 8,000 గదిలో చేరితే, కోత అద్దెలోనే ఆగదు. డాక్టరు ఫీజు, ఆపరేషను థియేటరు ఖర్చు కూడా సగానికి కోసే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. కిటికీ ఉన్న గది కోసం లక్షకు యాభై వేలు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. 2024 జనవరిలో బీమా కంపెనీలు ఒప్పందం లేని ఆస్పత్రిలోనూ నగదు లేకుండా వైద్యానికి ఒప్పుకున్నాయి. ముందే అనుకున్న ఆపరేషనైతే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల లోపు కంపెనీకి తెలపాలి. పాలసీ షరతులు మాత్రం అవే వర్తిస్తాయి. ఫోను అబ్బాయి చేస్తాడులే అనుకోకుండా, పాలసీ నంబరు మీ జేబులో ఉంచుకోండి.

తొందర లేని జబ్బులకు మన పక్కనే మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నది. క్యూ ఉంటుంది, నిజమే. నా మోకాలు అక్కడే చూపించుకున్నాను, ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చాను.

సమయం అయినట్టు కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఎవరి దగ్గరైనా అభ్యంతరంతో తిరిగి వచ్చిన బిల్లు ఉంటే టీ తర్వాత ఆ కిటికీ పక్క బల్ల దగ్గరకు తీసుకురండి. కళ్లజోడు తెచ్చుకున్నాను.