పోయిన వస్తువుల జాడ తెలుపు బిళ్ళలు



ఇంటిలో వస్తువు కనబడకపోవుట క్రొత్త సంగతి కాదు. కండ్లజోడు నొసటిపై పెట్టుకొని ఇల్లెల్ల వెదకిన పెద్దలు ప్రతి కుటుంబమునందును ఉందురు. అయితే నవ్వి ఊరకొనుటకు వీలులేని సందర్భములును కలవు. మా ఇంట జరిగిన అట్టి దొకటి చెప్పి ఈ ప్రసంగమును ప్రారంభించుచున్నాను.

మా తల్లిగారికి డెబ్బదియెనిమిది ఏండ్లు. రక్తపుపోటు మాత్రలు, భూమి కాగితములు, చేతిఖర్చు సొమ్ము అన్నియు ఇనుప బీరువాలో నుంచి, తాళపుచెవుల గుత్తిని బొడ్డున దోపుకొనుట ఆమె అలవాటు. ఒకనాటి రాత్రి ఆ గుత్తి కనబడలేదు. దిండ్లు ఎత్తితిమి, బియ్యపు డబ్బాలు కదిపితిమి. మాత్ర వేసికొనవలసిన వేళ దాటిపోయెను. ఊరిలో మందుల దుకాణములు మూసివేసిరి. తెల్లవారిన పిదప తాళములు బాగుచేయువానిని పిలిచి బీరువా తెరిపించితిమి. మూడవనాడు ఆ గుత్తి పూజగదిలో పూలసజ్జ అడుగున దొరకెను.

నన్ను ఎక్కువగా బాధించిన దింకొకటి కలదు. ఇట్టి అవసరమునకే అమెరికానుండి మా మేనల్లుడు తెచ్చి యిచ్చిన జాడ బిళ్ళ ఆరు మాసములుగా మా సొరుగులోనే పడియున్నది. అది యొక జాతి ఫోనులతో మాత్రమే పనిచేయునట్టిది. మా ఇంటనున్న ఫోనులన్నియు వేరొక జాతివి. ఈ సంగతి అతడు అడుగలేదు, మేము చెప్పలేదు. ఆ రాత్రి తరువాతనే ఈ బిళ్ళలను గూర్చి తెలిసికొనవలెనను బుద్ధి పుట్టెను.

మొదట ఇవి పనిచేయు విధమును చూతము. బ్లూటూత్ అనునది కొద్ది దూరము మాత్రమే చేరగల రేడియో. పదియవ శతాబ్దమున డెన్మార్కు నేలిన హరాల్డ్ అను రాజు బిరుదునే దీనికి పేరుగా పెట్టిరి. మధ్యతరంగ ప్రసారములు సెకనుకు లక్షల కంపనములు గలవి కాగా, బ్లూటూత్ తరంగములు సుమారు 240 కోట్ల కంపనములు గలవి. 2010లో వెలువడిన బ్లూటూత్ 4.0 విధానమున దీని విద్యుత్తు వాడకము మిక్కిలి తగ్గినది. అందుచేతనే చిన్న రూపాయి నాణెమంత బ్యాటరీతో ఒక బిళ్ళ ఏడాదిపాటు తన సంకేతమును పంపగలుగుచున్నది.

ఈ బిళ్ళ ఉపగ్రహములతో మాటాడునని పలువురి భ్రమ. సాధారణముగా వీనియందు జి.పి.ఎస్. ఉండదు. తానెక్కడ నున్నదో బిళ్ళకు తెలియదు. ‘నేనున్నాను’ అను చిన్న సంకేతమును మాత్రము అది పంపుచుండును. ఆ దారిని పోవు అపరిచితుని ఫోను దానిని విని, తానున్న చోటును రహస్య లిపిలో చేర్చి ఇంటర్నెట్టు ద్వారా పంపును. ఆ లిపిని సొంతదారుని ఫోనే విప్పగలదు. సాయము చేసినవానికి తాను సాయము చేసినట్లే తెలియదు. కాబట్టి పోయిన వస్తువును నిజముగా వెదకునది బిళ్ళ కాదు, దాని ప్రక్కనుండి నడచిపోవు జనుల ఫోనులు.

ఈ యొక్క సంగతి గ్రహించినచో ఎన్నిక సులభమగును. కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: మన ఫోను ఏది? ఆపిల్ సంస్థ 2021లో వెలువరించిన ఎయిర్‌ట్యాగ్ ఐఫోను గలవారికే ఉపయోగపడును. శాంసంగ్ స్మార్ట్‌ట్యాగులు ఆ సంస్థవారి గెలాక్సీ ఫోనులకే. తక్కిన ఆండ్రాయిడ్ ఫోనులవారికి గూగుల్ సంస్థ 2024లో ఆరంభించిన వ్యవస్థతో కలియు బిళ్ళలు కావలెను. మన దేశమున జియోట్యాగ్ గో అనునది ఆ సంవత్సరము డిసెంబరులో 1,499 రూపాయల వెలకు ఈ వ్యవస్థకై వచ్చినది. అదే సంస్థవారి జియోట్యాగ్ ఎయిర్ ఆపిల్ వ్యవస్థతో పనిచేయును. పేర్లు ఒక్కటిగా దోచినను దారులు వేరు. పెట్టెపై వ్రాసినది చదువక కొనరాదు.

రెండవ ప్రశ్న: వస్తువు పోవుట కవకాశమున్న చోటేది? విజయవాడ బస్సు ప్రాంగణమున మరచిన సంచి ప్రక్కనుండి క్షణక్షణము ఫోనులు పోవుచుండును. జాడ త్వరగా తెలియును. పొలముగట్టుపై జారిన గుత్తి ప్రక్కకు ఎవరును రానిచో, ఎంత వెలగల బిళ్ళయైనను మౌనముగానే యుండును. గూగుల్ వ్యవస్థలో మరియొక విశేషము కలదు. జనసమ్మర్దముగల చోట పలు ఫోనులు విన్నప్పుడే జాడ తెలుపునట్లు దాని అమరిక మొదట ఉండును. పల్లెలలోను, సందడిలేని వీధులలోను నివసించువారు ఫోనులోని అమరికను ‘అన్ని ప్రదేశములు’ అనుదానికి మార్చుకొనుట మేలు.

మూడవ ప్రశ్న: ఇంటిలో దానిని వినవలసినవా రెవరు? ఇల్లు లోపల వెదకుటకు బాటసారులతో పనిలేదు. మన ఫోనునుండి ఆజ్ఞ యిచ్చినచో బిళ్ళ కూయును. వయస్సు మీరినవారికి సన్నని హెచ్చుస్థాయి ధ్వనులే మొదట వినబడకుండ పోవును. అందుచేత దానిని ఏ మెత్తక్రిందనో పెట్టి కూయించి, పెద్దలకు వినబడునో లేదో చూచి మరీ ఉంచుకొనవలెను. ఇనుప బీరువాలో మూసినచో సంకేతము క్షీణించునని గుర్తుంచుకొనవలెను. బిళ్ళను ఒక్కరి ఫోనుకే ముడిపెట్టక ఇంటివారితో పంచుకొను సదుపాయమున్నది. దానిని తప్పక వాడుకొనవలెను. లేనిచో ఫోనుగల వ్యక్తి ఊరికి పోయిననాడే గుత్తి పోవును.

ఇక జాగ్రత్తలు. పెక్కు బిళ్ళలలో సి.ఆర్.2032 అను బ్యాటరీ ఉండును. మూత తీయుట సులభము. పసిబిడ్డ దానిని మ్రింగి, అది ఆహారనాళమున చిక్కినచో రెండు గంటలలోనే లోపల తీవ్రముగా కాల్చివేయగలదు. అట్టి అనుమానము కలిగినచో వేచి చూడక తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఈ బిళ్ళ దొంగను పట్టియిచ్చునది కాదు. ఒకరి వెంట వారికి తెలియకుండ మరియొకరి బిళ్ళ తిరుగుచున్నచో వారి ఫోను హెచ్చరించునట్లు ఆపిల్, గూగుల్ సంస్థలు 2024లో ఏర్పాటు చేసినవి. ఆ హెచ్చరిక దొంగకును అందవచ్చును. జాడ తెలిసినంతమాత్రమున ఒంటరిగా పోక, పోలీసువారికి తెలుపుటే క్షేమకరము. అట్లే స్త్రీలును, పురుషులును తమ ఫోనులో ఇట్టి హెచ్చరిక కనబడినచో త్రోసిపుచ్చరాదు. బిళ్ళను కూయించి, సంచి, బండి వెదకి, దొరకినచో దాని ఫొటో తీసి, బ్యాటరీ తొలగించి పోలీసులకు చెప్పవలెను.

మతిమరుపు వచ్చిన పెద్దలకో, పిల్లలకో ఈ బిళ్ళ కట్టి నిశ్చింతగా నుండుట తగదు. జనులు లేని దారిలో అది మౌనము వహించును. వస్తువు పోయిన ఒకనాడు ఓర్చుకొనవచ్చును. మనిషి విషయమున ఒక గంట యైనను ఓర్చుకొనలేము.

మా ఇంటి బిళ్ళ ఇప్పుడు మా ఫోనులకు సరిపడునదే. నెలకొకమారు, జీతము వచ్చిననాడు దానిని కూయించి చూచుట నియమముగా పెట్టుకొంటిమి. మాత్రలను బీరువానుండి తీసి వంటింటి అలమరలో పెట్టితిమి. ఈ రెండవ పనికి బిళ్ళతో నిమిత్తము లేదు. “నాయనా, ఈ పని ముందే చేసియుండవచ్చును గదా” అని మా తల్లిగారు అనిరి. ఆ మాటకు నా యొద్ద సమాధానము లేకపోయెను. బిళ్ళ కొనుటకు ముందు మీ ఇంటను ఇట్టి మార్పు ఏదైనను చేయవలసి యున్నదేమో ఒకమారు చూడుడు.